ఒక్క చెంచాడు తరవాణి

ఇరవై ఏళ్లు కావస్తోంది. నాకు జరిగిన మోసం గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకుంటూనే వచ్చాను. నేను చేసింది మాత్రం ఇన్నేళ్లూ గొంతులోనే ఉండిపోయింది. మింగలేక, కక్కలేక. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ఈస్ట్ మీద పరిశోధన చేసేదాన్ని. పిండి పులియడానికీ కల్లు పొంగడానికీ కారణమైన, కంటికి కనిపించని ఆ జీవులే నా చదువూ ఉద్యోగమూ. పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టి, అక్కడే ఒక ప్రయోగశాలలో చేరాను. డైరీ ఫార్మ్ అనే పేటలో మా పక్కింట్లో రత్నం దీదీ ఉండేది. శ్రీకాకుళం వైపు మనిషి. పెళ్లయి వస్తూ అత్తగారి తరవాణి కుండలోని నీళ్లు సీసాలో పోసుకుని ఓడలో తెచ్చుకుంది. రోజూ గంజీ, బియ్యం కడిగిన నీళ్లూ పోస్తూ ఉండాలి. అడుగున పాతది కొంచెం మిగల్చాలి. ఆ కుండ ఎన్నడూ ఖాళీ కాకూడదు. ఆ పుల్లని నీళ్లలో అన్నం కలుపుకుని తింటే గానీ ఆమె భర్త పనిలోకి వెళ్లేవాడు కాడు.

పరిశోధనకని అడిగితే నవ్వుతూ గ్లాసుడు ఇచ్చింది. “ఇంత సదువు సదివి మా గంజి మీద పడ్డావేటే అమ్మీ?” అంది. అందులో దొరికిన ఒక ఈస్ట్, మిగతావన్నీ చచ్చిపోయే వేడిలో కూడా హాయిగా పెరిగింది. మా సార్ మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన పెద్దాయన. ఆ గాజు పళ్లెం వెలుతురులో తిప్పి చూసి, నా పేరు లోకానికి తెలుస్తుందన్నారు. వ్యాసం అచ్చయ్యేదాకా చుక్క కూడా బయటికి పోకూడదన్నారు. నేను తల ఊపాను.

తర్వాత, సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున భూమి ఊగింది. దీదీ కుండ పగిలిపోయింది. కార్ నికోబార్ దీవిలో తాపీ పనికి వెళ్లిన ఆమె భర్తను సముద్రం తీసుకుపోయింది. ఫీనిక్స్ బే రేవుకి వచ్చే ప్రతి ఓడ దగ్గరా ఆమె నిలబడి చూసింది. వారాలు గడిచాక పెద్దలు ఇక లాభం లేదని, దర్భలతో మనిషి బొమ్మ చేసి కర్మ జరిపించమన్నారు. అప్పుడు మా గుమ్మంలోకి వచ్చింది.

“అమ్మీ, అప్పుడు నా కుండలోది తీసికెల్లి ఫ్రిజ్‌లో ఎట్టినావు కదా. ఆయన ఆకులో ఎయ్యాల. సిర్ఫ్ ఒక్క చెంచాడు ఇయ్యే.”

“కరెంటు పోయింది కదా దీదీ. అన్నీ చచ్చిపోయాయి.”

ఆమె నా మొహం చూసింది. “ఓలమ్మ, నీ కస్టం, నీ మెహనత్ కూడా పోనాదా! ఏడవకే,” అని కొంగుతో నా కళ్లు తుడిచింది.

నిజంగానే ఏడ్చాను. దేనికి ఏడ్చాను? ఇప్పటికీ తెలియదు. మా ప్రయోగశాల జనరేటర్ ఒక్క పూట కూడా ఆగలేదు. ఆమె కుండలో ఎన్నో రకాల జీవులు, నేను వేరుచేసి పెట్టుకున్నది ఒక్కటే, అది ఆమె తరవాణి ఎలా అవుతుంది అని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. కానీ ఫ్రీజర్‌లో పక్క పెట్టెలోనే, ఏమీ వేరుచేయని కుండ నీళ్లు మూడు చిన్న సీసాల్లో ఉన్నాయి. ఆ సీసాల మీద ఆమె పేరు రాసింది నేనే. ఒక చెంచాడు ఇస్తే నా వ్యాసానికి ఏం నష్టం? ఏమీ లేదు. ఆ సంగతి అప్పుడూ తెలుసు.

కర్మ అయిపోయింది. ఆకులో మజ్జిగ పోశారు.

రెండేళ్లకి వ్యాసం అచ్చయింది. సార్ పేరు, ఆయన దగ్గర కొత్తగా చేరినతని పేరు ఉన్నాయి. నన్ను కూరలో కరివేపాకులా తీసి పారేశారు. ఫ్రీజర్ తాళం కూడా తీసేసుకున్నారు. అంత నమ్మిన మనిషి అలా ఎలా చేశారని నెలల తరబడి కుళ్లి కుళ్లి ఏడ్చాను. అన్నం సహించేది కాదు. అప్పుడు కంచం పట్టుకుని వచ్చింది ఎవరనుకున్నారు? దీదీయే. “నమ్మినోలే గొంతు కోసినారు. ఆలకి పుట్టగతులుండవు. నువ్వు తినే,” అంటూ ముద్దలు కలిపి పెట్టింది. ఆమె ఎవరిని తిడుతోందో ఆమెకి తెలియదు. నేను నోరు తెరిచి తిన్నాను.

సార్ మీద నా కోపం నిజమే. ఇప్పటికీ చల్లారలేదు. కానీ ఆయన నన్ను మోసం చేశారని ఊరంతా చెప్పుకోవడంలో నాకొక సుఖం ఉండేది. మోసపోయినదాన్ని మోసగత్తె అని ఎవరు అనుమానిస్తారు?

దీదీ ఇప్పుడు షాదీపూర్‌లో కూతురి దగ్గర ఉంటోంది. మొన్న వెళితే, పక్కింటావిడకి నన్ను చూపించి, “నా మొగుడు పోతే సొంత చెల్లిలాగ ఏడ్చినాది,” అని చెప్పింది. టీ తాగి వచ్చేశాను.

ఆమెకి చదవడం రాదు. ఉత్తరం రాసి తప్పించుకునే దారి కూడా లేదు. నా నోటితోనే చెప్పాలి. చెబుతానా? మాట ఇవ్వలేను. చెబితే ఆమె ఏమంటుందో ఊహించుకునే హక్కు కూడా నాకు లేదు. ఇవాళ మాత్రం మొదటిసారి ఆ వాక్యం రాయగలుగుతున్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది.

ఆ మూడు సీసాలూ బతికే ఉన్నాయి దీదీ. నేనే ఇవ్వలేదు.