ఉమ్మడి అర

సాంబమూర్తి మాష్టారి మీద నాకెప్పుడూ ఒళ్లు మండుతూనే ఉండేది. చెడ్డవాడని కాదండోయ్. చెడ్డవాడైతే నాలుగు తిట్టేసి ఊరుకునేవాణ్ణి. మంచి మనిషి, పైగా పద్ధతి గల మనిషి. ఆ పద్ధతితోనే మా ప్రాణాలు తోడేసేవారు.

కాకినాడ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకునే ఆయన, నలభై దాటాక కంప్యూటర్ కోర్సు చేసి రెండువేల సంవత్సరంలో సింగపూర్ వచ్చారు. అప్పట్లో కీబోర్డు మీద చెయ్యి వెయ్యడం వస్తే చాలు, పిలిచి ఉద్యోగం ఇచ్చేవారు. చాంగీ బిజినెస్ పార్కులో మా చిన్న కంపెనీ, చోవా చూ కాంగ్‌లో మా ఫ్లాట్. ఒక గదిలో నేనూ, మా ఆఫీసువాడే కేశవరావూ. పెద్ద గదిలో మాష్టారు, ఆయన భార్య శ్యామలాదేవి గారు, కూతురు తన్మయి. ఆ ముగ్గురూ ఈ దేశంలో ఉండటానికి ఆధారం మాష్టారి ఉద్యోగం ఒక్కటే. ఆయన పాస్, అంటే ఉద్యోగ అనుమతి, పోతే తల్లీకూతుళ్ల పాసులూ పోతాయి. పిల్లకి బళ్లో సీటు కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కారో నాకు తెలుసు.

ఫ్లాట్‌లో మాష్టారు ఒక చట్టం పెట్టారు. ఎవరూ ఏదీ గదిలో దాచుకోకూడదు. బియ్యం, ఆవకాయ, కాఫీపొడి, ఆఖరికి తలనొప్పి మాత్రలు కూడా వంటింట్లో ఉమ్మడి అరలోనే ఉండాలి. ఒకసారి శ్యామలాదేవి గారు పిల్లకోసం బిస్కట్ల డబ్బా మంచం కింద పెట్టుకుంటే, అందరి ముందూ లాక్కొచ్చి అరలో పెట్టేశారు.

"దాచుకోవడం మొదలెడితే మనం ఒక ఇంటివాళ్లం ఎలా అవుతాం శ్యామలా?" అన్నారు.

ఆవిడ మొహం చిన్నబోయింది. సాయంత్రానికి ఆ బిస్కట్లన్నీ కేశవరావు టీలో ముంచుకు తినేశాడు. వాడికి సిగ్గా ఎగ్గా!

ఇంట్లో చట్టం ఇంట్లో ఉంటే ఏం పోయింది? ఆఫీసుకీ మోసుకొచ్చారు.

మా కంపెనీ తువాస్‌లో షిప్‌యార్డు కూలీలుండే డార్మిటరీలకి గేట్లు చేసేది. కార్డు పెడితే గేటు తెరుచుకుంటుంది. గేటు పెట్టెలో ఉండేది లినక్స్. దాని మూలమైన ప్రోగ్రాముని కెర్నెల్ అంటారు. హెడర్లంటే ఆ కెర్నెల్ కొలతలు రాసి ఉన్న ఫైళ్లు. దర్జీ ఒంటి కొలతలు చూసి చొక్కా కుట్టినట్టు, ఆ హెడర్లు చూసే మిగతా ప్రోగ్రాములన్నీ కంపైల్ అవుతాయి, అంటే మెషీన్ నడిపే రూపానికి వస్తాయి. మా కార్డు రీడర్ కోసం ఆ కెర్నెల్‌నీ, హెడర్లనీ కేశవరావు తన చేత్తో మార్చాడు. ఆ మార్పులన్నీ ఆఫీసు మెషీన్‌లో 'యూజర్ సోర్స్ లినక్స్' అనే డైరెక్టరీలో ఉండేవి. సోర్స్ అంటే ప్రోగ్రాం రాసిన మూలం. అందరూ వాడుకునే చోటు. మాష్టారికి అది వంటింట్లో అరలాగే కనిపించిందనుకుంటాను.

కేశవరావుకి ఇంకో కంపెనీ ఎక్కువ జీతం చూపించింది, వెళ్లిపోయాడు. వెళ్లేముందు వాడి సొంత డైరెక్టరీలో ఒక కాపీ ఉంటే మాష్టారు పట్టుకున్నారు.

"అసలుది ఉండాల్సిన చోట ఉందిగా. ఇదెందుకయ్యా? తీసెయ్."

వాడు తీసేశాడు. వాడికేం, కొత్త ఉద్యోగం.

తర్వాత కొత్త రకం గేట్లొచ్చాయి. వాటికి కొత్త కెర్నెల్ కావాలి. మాష్టారు దాన్ని నెట్‌లోంచి మూటగా దింపి, ఆ మూట విప్పడానికి సరాసరి ఆ ఉమ్మడి చోటుకే పోయారు.

"మాష్టారూ, మీ సొంత డైరెక్టరీలో విప్పుకోండి. ఇక్కడ విప్పితే పాతదాని మీదే పడుతుంది" అన్నాను.

"సోర్స్ అని పేరు పెట్టిందే అందుకోసం కదా బాబ్జీ! ప్రతివాడూ తన మూల తాను చూసుకుంటే ఇదొక ఆఫీసా?" అని నవ్వారు. నవ్వుతూనే ఎంటర్ నొక్కేశారు.

ఆ రోజుల్లో కెర్నెల్ ఏ వెర్షనైనా విప్పితే 'లినక్స్' అనే పేరుతోనే వచ్చేది. పాతదాని మీద కొత్తది పరుచుకుంది. కేశవరావు మార్చిన ఫైళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కొలతలన్నీ కొత్తవైపోయాయి. అయినా కంపైల్ చేస్తే ఒక్క ఎర్రరూ రాలేదు! వచ్చినా బాగుండేది. పాత గేట్లకీ అదే మెషీన్‌మీద, ఆ కొత్త కొలతలతోనే ప్రోగ్రాం కంపైల్ చేసి, సంతోషంగా పంపించేశారు.

మర్నాడు పొద్దున్నే తువాస్ నుంచి ఫోను. నేనూ మాష్టారూ పరుగెత్తాం. గేటు లోపల జనం, బయట వాళ్లని తీసుకెళ్లాల్సిన లారీలు. టెక్కలి నుంచి వచ్చిన దానయ్య అనే వెల్డరు మమ్మల్ని చూసి కార్డు ఎత్తి చూపించాడు.

"బాబూ, నా కార్డు సెల్లదంతంది. నాను రోజూ ఎల్తన్నాను గదా?"

మాష్టారు కార్డు తీసుకుని తానే పెట్టి చూశారు, పంచె లాంటి తన చేతిరుమాలుతో తుడిచి మళ్లీ పెట్టి చూశారు. కార్డు ఏం చేసింది పాపం!

అంతకుముందు గేట్లలో ఉన్న ప్రోగ్రాం ఒక సీడీలో దొరికింది. అది వెనక్కి వేస్తే మధ్యాహ్నానికి గేట్లు తెరుచుకున్నాయి. కానీ అందులో చుక్క మార్చాలన్నా కేశవరావు మార్చిన సోర్స్ కావాలి, అది లేదు. బ్యాకప్ టేపులు వెతికాను. మా టేపుల్లోకి ఎక్కేవి మనుషుల సొంత డైరెక్టరీలే. ఉమ్మడి చోటు ఎక్కదు. కేశవరావు కాపీ ఉన్న టేపు మీద ఎప్పుడో వేరేది రాసేశారు.

కేశవరావుకి ఫోన్ చేశాను.

"నా దగ్గర ఏం లేదురా. మాష్టారు తీసెయ్యమంటే తీసేశాను కదా" అన్నాడు.

స్పీకర్ పెట్టి ఉంది. మాష్టారు పక్కనే ఉన్నారు. ఆ మొహం చూడలేక నేను కిటికీవైపు తిరిగిపోయాను.

కేశవరావు మార్పులు లేక కొత్త గేట్లు చెప్పిన గడువుకి ఇవ్వలేకపోయాం. కస్టమర్ కాంట్రాక్టు తీసేశాడు. మా మేనేజర్ టాన్ అరవలేదు, తిట్టలేదు. మాష్టారిని కూర్చోబెట్టి, టీ తెప్పించి, పాస్ రద్దు చేస్తున్నామన్నాడు. నెలలో దేశం విడిచిపెట్టాలి. అప్పటికే కంప్యూటర్ ఉద్యోగాల బూమ్ గాలి తగ్గిపోయింది. ఎక్కడ అడిగినా మాష్టారి వయసు చూసి, మళ్లీ పిలుస్తామన్నారు. ఎవడూ పిలవలేదు. నేను మాత్రం ఏం చెయ్యగలను? ఆయన్ని చూస్తే ఏడుపొచ్చేది, ఆయన పద్ధతిని తలుచుకుంటే పళ్లు కొరుక్కోవాలనిపించేది.

వెళ్లే రోజు శ్యామలాదేవి గారు సూట్‌కేసు తెరిచి వంటింట్లో అర ముందు నిలబడ్డారు. గిన్నెలు, డబ్బాలు, సీసాలు అన్నీ అందరివీ కలిసిపోయి ఉన్నాయి. ఏది ఎవరు కొన్నారో ఎవరికీ గుర్తులేదు. అన్నీ తీసుకెళ్లండమ్మా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

తన్మయి ఇంకా బడి యూనిఫాంలోనే ఉంది, విప్పనని మొండికేసింది.

"నాన్నా, ఇందులో మనది విచ్ వన్ లా?" అంది, బళ్లో నేర్చిన సింగపూర్ యాసలో.

మాష్టారు ఆ అరవైపు చాలాసేపు చూశారు.

శ్యామలాదేవి గారు గదిలోకి వెళ్లి, వంగి, మంచం కిందనుంచి ఇంకో బిస్కట్ల డబ్బా లాగారు. తెచ్చి సూట్‌కేసులో పెట్టారు. మాష్టారు చూశారు, నేనూ చూశాను. ఆయన వంగి సూట్‌కేసు మూత వేశారు.