రాకెట్ రోజు వస్తానన్న పోలయ్య

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది హెడ్ నర్సుగా తడ దగ్గర ఒక ప్రభుత్వ ఆసుపత్రికి నాకు బదిలీ అయింది. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మా వార్డు కిటికీ అద్దాలు గడగడలాడేవి. ప్రయోగం ఉన్న రోజు సముద్రంలోకి పడవలు పోకూడదు. మత్స్యకారుల ఊళ్లకు అది సెలవు కిందే లెక్క. పంటి నొప్పులూ పాత దగ్గులూ అన్నీ ఆ రోజే మా ఓపీకి వచ్చేవి.

పోలయ్య అనే మత్స్యకారుడికి అప్పటికే చక్కెర రోగం ఉంది. వల దులుపుతుంటే జెల్ల చేప ముల్లు కాలి బొటనవేలిలో దిగింది. చక్కెర ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుంది. నొప్పి ఉంటే మనిషి పరుగెత్తుకొస్తాడు, ఇందులో నొప్పి లేకపోవడమే ప్రమాదం. అతను వచ్చేసరికి వేలి చివర నల్లబడింది. వెంటనే నెల్లూరు పెద్దాసుపత్రికి పోయి వేలు తీయించుకోవాలనీ, ఆగితే పాదం, ఇంకా ఆగితే ప్రాణం పోతుందనీ డాక్టరు గారు విడమరిచి చెప్పారు.

"చేపలు పడే రోజులక్కా. రాకెట్ రోజు ఎట్టాగూ మాకు సముద్రంలో యాట లేదు గదా. ఆ పొద్దు నేనే వస్తాలే," అన్నాడు పోలయ్య.

ప్రయోగం ఆ వారంలోనే ఉంది. అయినా నాకు ఒళ్లు మండి చీవాట్లు పెట్టాను. భార్య చెంగమ్మ బతిమాలింది. అతను కట్టు కట్టించుకుని నవ్వుతూ వెళ్లిపోయాడు.

ప్రయోగం వాయిదా పడిందని టీవీలో చెప్పారు. పోలయ్య వేటకు పోయాడు. ఆశా కార్యకర్తతో కబురు పెడితే, "రాకెట్టే పోలా, నాకేం తొందర" అన్నాడట. కొత్త తేదీ వచ్చింది, అదీ మారింది.

చివరికి ఒక పగటిపూట రాకెట్ లేచింది. సిబ్బంది అంతా ఆవరణలోకి పరుగెత్తి తలలెత్తి చూస్తున్నారు. అప్పుడే గేటు ముందు షేర్ ఆటో ఆగింది. చెంగమ్మ భర్తను పొదివి పట్టుకుని దించింది. కట్టు విప్పకముందే వాసన వచ్చింది. మడమ దాకా నలుపు, పిక్క దాకా వాపు. జ్వరంతో వణుకుతూనే అతను నాతో, "మాట తప్పలా గదక్కా, రాకెట్ రోజే వచ్చినా," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అంబులెన్సులో నెల్లూరు పంపించాం. మోకాలి పైదాకా కాలు తీసేశారు. అప్పటికే విషం రక్తంలో కలిసింది. ఆలస్యం అమృతం విషం అని చిన్నప్పుడు దస్తూరి కోసం పలక నిండా రాశాం. ఈ రోగంలో అది సామెత కాదు. పోలయ్య అక్కడే చనిపోయాడు.

కర్మ అయ్యాక చెంగమ్మ వచ్చింది. చక్కెర పరీక్షకు వేలు చాపి, "నువ్వెప్పుడు చూపిచ్చుకున్నావక్కా?" అని అడిగింది. దెప్పిపొడుపు కాదు, మామూలుగానే అడిగింది. మా అమ్మకు చక్కెర ఉండేది. అయినా మా అమ్మాయి కాన్పు కానీ, తర్వాత చూద్దాం అని నేనూ తోసుకొస్తున్నాను. ఆమెకు పరీక్ష చేశాక కొత్త సూది తీసి నా వేలికి గుచ్చుకున్నాను. ఇద్దరికీ ఎక్కువే ఉంది.

ఆ తర్వాత పుండుతో వచ్చిన ఏ చక్కెర రోగినీ "నెల్లూరు ఎప్పుడు పోతావు?" అని అడగలేదు. మనిషి కుర్చీలోంచి లేవకముందే అంబులెన్సుకు ఫోన్ చేసి, ఇంటివాళ్లను అక్కడికే పిలిపించేదాన్ని. నన్ను తిట్టుకున్నవాళ్లున్నారు, తిట్టుకోనీ. రాకెట్ వాళ్లు అన్నీ చూసుకుని వాయిదా వేస్తారు. మనం చూసుకోకుండా ఉండడానికి వాయిదా వేస్తాం.