లేని దేశపు రైలుదారి

ఇక్కడ ఐర్లండ్‌లో ఊరంతా తిరిగే లువాస్ ట్రామ్ బ్రేకు వేసినప్పుడు ఒక్కోసారి ఇనుము కాలిన వాసన వస్తుంది. మొన్న ఆ వాసన సూటిగా ముక్కుకి తగిలి గోరాన్ అంకుల్ గుర్తొచ్చారు. ఆయనే పక్కనుంటే ఆ బ్రేకు ఎంత అరిగిందో చెప్పి, ఆ వంకన ఒక దేశం చరిత్రంతా చెప్పి గానీ ఊరుకునేవారు కాదు. ఆ దేశం ఇప్పుడు పటంలో లేదు. దాని పేరు యుగోస్లావియా.

కరోనా మొదటి ఏడాది నేను క్లాండాల్కిన్‌లో ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళను చూసుకునే కేరర్‌ని. గోరాన్ అంకుల్ అప్పుడే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చారు. ఒకప్పుడు రైల్లో టికెట్లు చూసే ఉద్యోగం ఆయనది. ఆ దేశం ముక్కలైన యుద్ధమప్పుడు భార్యతో ఐర్లండ్ చేరారు. ఆవిడ పోయాక ఒంటరి. హెల్త్ నర్సు వచ్చి చూసే రోజుకి ఆయన తనంతట తాను వంటింట్లోకి నడిచి కెటిల్ పెట్టుకోగలగాలి. లేదంటే నర్సింగ్ హోమే. ఆ రోజుల్లో లోపలికి వెళ్ళినవాళ్ళని కిటికీ అద్దంలోంచి చూడాల్సిందే కదా, ఆ మాటెత్తితేనే ఆయన ముఖం పాలిపోయేది. అయినా మంచం దిగరు.

"ఈ గోడ నుంచి ఆ గోడకి నడిస్తే ఏ ఊరొస్తుంది?" అనేవారు విసుగ్గా.

"మీకు ఏ ఊరు రావాలి?" అన్నాను. నోటిదూల నాకు పుట్టుకతో వచ్చింది.

ఆయన తన రైలు ఒకప్పుడు ఆగిన ఊళ్ళన్నీ ఇంట్లో పరిచేశారు. మంచం ల్యుబ్లియానా అన్నారు. మెట్ల మొదలు జాగ్రెబ్. వంటిల్లు బెల్‌గ్రేడ్, పెరడు స్కోప్యే. మంచం మీంచి కాళ్ళు కిందికి దించుతూ, "రైలు కదులుతోంది, తలుపుల దగ్గర నిలబడొద్దు" అని నన్నే గద్దించారు.

ఆ తర్వాత ఆపడమే కష్టమైంది. చేతికర్ర తాటించుకుంటూ నడుస్తూ, ఆరు రిపబ్లిక్కులు ఎలా కలిశాయో, ఒకే దేశంలో రెండు లిపుల్లో స్టేషన్ బోర్డులు ఎలా ఉండేవో చెప్పేవారు. తండ్రిది ఒక జాతి, తల్లిది ఒకటి, పెళ్ళాడినావిడది మరొకటి. "జనాభా లెక్కలవాళ్ళు అడిగితే యుగోస్లావ్ అని రాయించాను. తర్వాత ఆ జాతే లేదన్నారు" అని నవ్వేవారు. నాకు ప్రశ్నలు ఆగేవి కావు. మా రాష్ట్రమూ రెండయిందని చెబితే ఆయన అడిగింది ఒక్కటే.

"రైళ్ళు ఆగాయా?"

"లేదంకుల్. నిన్నటి రైలే, నిన్నటి ఇడ్లీయే."

"అయితే మీరింకా విడిపోలేదు" అని తేల్చేశారు.

చిక్కల్లా జాగ్రెబ్ దాటాక వచ్చింది. హాల్లో కోట్లు తగిలించే చోట ఆయన కాళ్ళు టక్కున ఆగిపోయేవి. ఎంత బతిమాలినా అడుగు ముందుకు పడదు. "ఇక్కడ లైను తెగింది" అని వెనక్కి తిరిగేవారు. ఇల్లు ఇల్లుగా ఉన్నప్పుడు అక్కడ లెక్కలేనన్నిసార్లు నడిచిన మనిషే. నేనడిగిన పాపానికి ఇల్లు కాస్తా పటమై కూర్చుంది.

నర్సు రానే వచ్చింది. వంటింట్లో నిలబడి, "నెమ్మదిగా రండి, గ్రాండ్‌గా నడుస్తున్నారు" అంది. ఆయన కోట్ల దాకా వచ్చి ఆగారు. చూస్తుండగానే ఆయన వెనక్కి తిరిగి, వీధి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు.

"ఎక్కడికాయన?" అని నర్సు కంగారుపడింది. నేను యేసయ్యా అనుకుంటూ వీధిలోకి పరుగెత్తాను. ఎవరూ లేరు. తిరిగొచ్చేసరికి వంటింటి పెరటి తలుపు తెరుచుకుంది. ఇంటి పక్క సందులోంచి, తడి గచ్చు మీద, ఒక్కరే చుట్టి వచ్చారు. ఆయాసపడుతూనే కెటిల్ కింద స్విచ్ నొక్కారు.

"బెల్‌గ్రేడ్" అన్నారు. "యుద్ధంలో లైను తెగాక జనం హంగరీ మీదుగా ఇలాగే చుట్టి వచ్చేవాళ్ళు."

నర్సుకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ బయటి నేల మీద కూడా నడవగలరని తను కళ్ళారా చూసింది. ఆయన ఇంట్లోనే ఉండొచ్చని చెప్పి వెళ్ళింది. నేను సింకు వైపు తిరిగి కాసేపు ఏడ్చాను, సంతోషంతోనే.

ఆ సాయంత్రం టీ తాగుతూ అంకుల్ తనంతట తానే చెప్పారు. ఆయన పటంలో ఆ కోట్ల చోట ఒక చిన్న జంక్షన్ ఉండేదట. డ్యూటీలో అటు వెళ్ళినప్పుడల్లా తమ్ముడు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి చెయ్యి ఊపేవాడు. యుద్ధం అయ్యాక ఎంత వెతికినా అతను దొరకలేదు. "ఆ స్టేషన్లో దిగితే వాడు లేడని నేను ఒప్పుకున్నట్టే" అన్నారు.

గోరాన్ అంకుల్ పోయి మూడేళ్ళు దాటింది. ఆఖరిదాకా వంటింటికి హంగరీ మీదుగానే వెళ్ళారు, వానలో కూడా. ఇప్పటికీ నేను ఎవరినీ నాలుగడుగులు వేయమని అడగను. మీ ఊరికి దారెటు అని అడుగుతాను. ఎక్కడైనా వాళ్ళ కాళ్ళు ఆగిపోతే చెయ్యి పట్టి లాగను. ఆ చోటు ఎవరిదో నాకు తెలియదు కదా. వేరే తలుపు ఉందేమో చూసి, అది తీసి పట్టుకుంటాను.