మద్ది చెక్కకు సాక్ష్యం

కరోనా గోల సద్దుమణిగిన మరుసటి సంవత్సరం. ధర్మవరంలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. గుండె డాక్టరుగారు ఉదయం పూట ఓపీ చూసేవారు. ఈసీజీ తీయడం, మాత్రలు ఎలా వేసుకోవాలో చెప్పడం నా పని. ఛాతీ నొప్పితో వచ్చే నేతగాళ్ళు చాలామందే. ఎవరిని అడిగినా ముందు గ్యాస్ అనే చెబుతారు.

నాగరాజు కూడా అదే చెప్పాడు. యాభై దాటిన మనిషి, పట్టుచీరలు నేస్తాడు. కాసేపు నేసేసరికి ఛాతీ పట్టేస్తోందని, మగ్గం దిగి కూర్చుంటే తగ్గుతోందని అన్నాడు. దీన్ని యాంజైనా అంటారు. గుండెకు రక్తం తెచ్చే నాళం సన్నబడితే, ఒళ్ళు కష్టపడినప్పుడు నొప్పి వస్తుంది, విశ్రాంతి తీసుకుంటే పోతుంది. డాక్టరుగారు మాత్రలు రాసి, నాళాలను చూసే యాంజియోగ్రామ్ పరీక్షకు బెంగళూరు వెళ్ళమన్నారు.

నెల తర్వాత నవ్వుకుంటూ వచ్చాడు.

"మాత్రలు ఇడ్చిపెట్టినా సిస్టరమ్మా, బెంగళూరుకీ పోలేదు. పెనుకొండ నుంచి మా మామ తెల్లమద్ది చెక్క తెచ్చిచ్చినాడు. పాలల్లో కాచుకోని తాగుతాండా. నొప్పి యాడికి పోయిందో!"

నాకు ఒళ్ళు మండింది. డాక్టరుగారు మాత్రం చెక్కను తీసిపారేయలేదు. ఆ చెట్టు బెరడు ఆయుర్వేదంలో గుండెకు వాడేదేనని, దానిమీద పరీక్షలు కూడా జరిగాయని, కొన్నింటిలో మేలు కనిపించిందని చెప్పారు. అయితే అవి కొద్దిమంది మీద చేసినవి, మాత్రలు మానేసి దాన్నే నమ్ముకోవడానికి ఆ సాక్ష్యం చాలదు అన్నారు.

"సాక్ష్యమేంటికి సార్? నా పానమే సాక్ష్యం!" అన్నాడు నాగరాజు.

ఆరోజు ఈసీజీ కూడా బాగానే వచ్చింది. పడుకోబెట్టి తీసే ఈసీజీలో యాంజైనా చాలాసార్లు దొరకదని నేను చెబుతూనే ఉన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దాన్ని వీధిలో అందరికీ చూపించాడట.

పెళ్ళిళ్ళ సీజన్‌లో ఒక మధ్యాహ్నం అతన్ని ఆటోలో తెచ్చారు. అప్పటికే ప్రాణం పోయింది. మగ్గం మీదే ఒరిగిపోయాడని చెప్పారు. చెప్పినా వినలేదన్న కోపం, ఆ ముఖం చూసిన దుఃఖం రెండూ నన్ను ఒకేసారి పట్టుకున్నాయి.

భార్య ఆదిలక్ష్మి ఏడవలేదు. బెంచీ మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"చెక్క మంచిదే కదమ్మా? తాగినప్పుడు తగ్గె కదా?"

"అప్పుడు మగ్గం నేస్తాండెనా అక్కా?" అని అడిగాను.

"యాడ నేసేది? చీరలు అయిపోయి మగ్గం ఖాళీగా ఉండె. మందంటే పథ్యం ఉండాల, పని చేయకూడదు కదా. ఖాళీ ఉన్నప్పుడే మొదలుపెట్టమని చెక్క తెచ్చిన మామ చెప్పె. నేను కొత్త వార్పు అతుకుతాంటే ఆయప్ప చాప మీద పండుకోనే ఉండె."

వార్పు అంటే చీరకు నిలువు దారాలు. పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా చేత్తో మెలిపెట్టి అతకాలి. అది పూర్తయ్యేదాకా నేసేవాడికి విశ్రాంతే.

"మగ్గమెక్కినాక నొప్పి మళ్ళీ వచ్చెనా?"

"వచ్చె. చెక్క చాల్లేదని ఇంకో లోటా తాగుతాండె."

విశ్రాంతి చేసిన మేలంతా చెక్క ఖాతాలో పడింది. ఆమె నా ముఖమే చూస్తోంది. కాసేపటికి ఆమెకే తట్టింది.

"అయితే నేనింకా నిదానంగా అతికింటే బతికిండునా అమ్మా?"

"నీ తప్పేం లేదక్కా" అన్నాను. ఆమె నమ్మలేదు. పోగులు మెలిపెట్టినట్టు బొటనవేలితో చూపుడువేలిని రుద్దుకుంటూ కూర్చుంది.

ఇప్పుడు హిందూపురంలో పనిచేస్తున్నాను. ఫలానా ఆకుతో, ఫలానా చెక్కతో నొప్పి తగ్గిందని ఎవరైనా అంటే కసురుకోను. "తగ్గిన రోజుల్లో ఏం పని చేస్తాంటివప్పా?" అని అడుగుతాను. ఆ కేసు నాకు నేర్పింది ఆ ఒక్క ప్రశ్న. అడిగిన ప్రతిసారీ ఆదిలక్ష్మి వేళ్ళే గుర్తొస్తాయి.