ఆమేన్ అనేలోగా వెళ్ళిపోయిన బస్సు

చెన్నూరు నుంచి కరీంనగర్ వెళ్ళేవారికి నా మొదటి సలహా: ముందు బస్సెక్కండి, తర్వాత ప్రార్థన చేసుకోండి. ఇది నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను చెన్నూరులో క్రైస్తవ బాలికల బడిలో టీచరును. ఆ వేసవిలో ముగ్గురు పిల్లలను పంతులమ్మల శిక్షణకు ఎంపిక పరీక్ష రాయించడానికి కరీంనగర్ బయలుదేరదీశాను. పరీక్ష ఆ మధ్యాహ్నం రెండింటికే. ముగ్గురిలో సుందరమ్మ గురించే నా బెంగంతా. "గీసారి సీటు రాకుంటే చదువు బంద్. బీడీల తునికాకు తెంప నాతోని అడవికొస్తది" అని వాళ్ళ బాపు ఖరాఖండిగా చెప్పేశాడు. నేను లేనప్పుడు చిన్న తరగతికి ఎక్కాలు చెప్పేది ఆ పిల్లే.

పొద్దున ఆరింటికి మంచిర్యాల బస్సు, అక్కడి నుంచి తొమ్మిదింటికి రైలు. హాల్ టికెట్లు, పెన్నులు, పులిహోర ఉన్న రేకు పెట్టెను కండక్టర్ ఖాసిం పైకెక్కించాడు. నేను పిల్లలను బస్సు వెనక్కి పిలిచి కళ్ళు మూయించాను. నా ప్రార్థన పొడుగని ఊళ్ళో పేరుంది, అదంటే నాకు కాస్త గర్వం కూడా. డ్రైవరు కోసం, ఇంజను కోసం, ఒక్కో టైరు కోసం విడివిడిగా వేడుకున్నాను. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి బస్సు లేదు, దుమ్ము ఉంది.

"చప్పుడు వినపడలేదటే?"

"వినవడ్డది టీచరమ్మా," అంది సుందరమ్మ ఏడుపు ముఖంతో. "నడుమల కండ్లు తెరిస్తే పాపమని మీరే అంటిరి గదా!"

హాల్ టికెట్లున్న పెట్టె ఆ బస్సు మీదే పోయింది. అయినా నవ్వు ఆగితేనా!

ఆరున్నరకు టేకు దుంగల లారీ ఒకటి దొరికింది. నలుగురం ముందు సీట్లో ఇరుక్కున్నాం. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా నేను మోకాలు పక్కకు జరపాలి. పిల్లలు భయం పోవడానికి పాట అందుకున్నారు. నేను ఊరుకోమన్నాను.

"పాడనీయి అవ్వా," అన్నాడు డ్రైవరు. "నా బండికి హారన్ లేదు."

అంతే, మంచిర్యాల దాకా నలుగురం గొంతు చించుకుని పాడాం. ఎడ్లబండ్లు వాటంతటవే పక్కకు తప్పుకున్నాయి.

ఎనిమిదీ నలభైకి రైలు స్టేషను చేరాం. ప్లాట్‌ఫారం మీద ఖాసిం మా పెట్టె నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "మీరు బండ్లనే ఉన్నరనుకున్న అమ్మా! టికెట్లు కొట్టబోతే ఒక్కలు లేరు. మస్తు పరేషాన్ అయిన" అన్నాడు. నాకు అతని కాళ్ళు మొక్కాలనిపించింది.

తొమ్మిదింటి పాసింజరులో గోదావరి దాటుతూ పులిహోర తిన్నాం. పెద్దపల్లిలో బస్సు ఆలస్యమై, కరీంనగర్‌లో పరీక్ష గుమ్మం తొక్కేసరికి ఒంటిగంటా యాభై. సుందరమ్మ గుమ్మంలోనే ఆగి నా కొంగు పట్టుకుంది.

"భయమైతున్నది టీచరమ్మా. ప్రార్థన చెయ్యుండ్రి."

"దేవా, ఈ పిల్లకు తోడుండు. ఆమేన్," అన్నాను, కళ్ళు తెరిచే.

"గంతేనా?" అని పిల్ల నోరు తెరిచింది. ముగ్గురూ పకపకా నవ్వుతూ లోపలికి పరుగెత్తారు.

ఆ రాత్రి తెలిసినవాళ్ళింట్లో ఉన్నాం. మర్నాడు పదింటికి గోడ మీద జాబితా అంటించారు. ముగ్గురి పేర్లూ ఉన్నాయి, సుందరమ్మది మూడో పేరు! ఆ వయసులో నేను వరండాలో గంతు వేశాను, చెప్పు తెగింది.

సాయంత్రం నాలుగింటికి మంచిర్యాలలో మళ్ళీ ఖాసిం బస్సే. "సీటొచ్చిందా బిడ్డా?" అన్నాడు. సుందరమ్మ తల ఊపి, ఫుట్‌బోర్డు ముందే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. లారీకి హారన్ కోసం, మా పెట్టె మోసిన ఖాసిం మెడనొప్పి కోసం, నా చెప్పు కోసం వేడుకుంది. అంతా నా పోలికే. నేను మాత్రం ఒక కన్ను బస్సు మీద ఉంచాను.

బస్సు డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఖాసిం రెండు అరచేతులూ పైకెత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. చివర పిల్లలకంటే ముందే "ఆమీన్" అన్నాడు.

"అయిందా అమ్మా? ఇగ పోదమా?"

"జర ఆగు కాకా," అంది సుందరమ్మ. "మా బాపు కోసం ఇంకొక్క మాట."

ఈసారి నేను రెండు కళ్ళూ మూసుకున్నాను.