నీళ్లలో నానిన పచ్చి ఇటుకలు

కోపం చల్లారితే సగం మరిచిపోతానని ఈ సాయంత్రమే రాస్తున్నాను.

వానలకు ముందే రైల్వే క్వార్టరు ఖాళీ చేసి మలంచా పేటలో కొన్న స్థలంలో సొంత గోడల మధ్యకు చేరాలని, ఎర్ర మొరం మట్టిలో తరిగిన గడ్డి, కాస్త సున్నం కలిపి ఇటుకలు పోయించాను. బట్టీ పెట్టి బొగ్గు తగలేయడం ఇష్టంలేక ఎండలోనే ఆరబెట్టాను. ఆరిన పచ్చి ఇటుక గట్టిదే, నీళ్లలో మాత్రం వేయకూడదు.

ఈ ఉదయం బజారు నుంచి వచ్చేసరికి మా బావమరిది సూర్యనారాయణ తొట్టి నిండా నా ఇటుకలు వేసి నీళ్లు పోస్తున్నాడు. రైల్వేలో కట్టడాల పని చూసి రిటైరైన మనిషి. మొన్న నేను రిటైరైనప్పుడు నా వీడ్కోలు సభలో "మా బావకి పుస్తకాలే గాని పని తెలీదు" అని అందరినీ నవ్వించిన ఘనుడు.

"ఏటిరా ఇది?" అని అరిచాను.

"కట్టేముందు ఇటిక నానబెట్టాల బావా. సర్వీసంతా అలాగే కట్టించినాను."

"అవి కాల్చినవేటిరా, నానబెట్టడానికి?"

"ఏ ఇటికైనా రూలు రూలే గదా!" అంటూ తొట్టిలో చెయ్యి పెట్టాడు. పిడికెడు బురద వచ్చింది. "ఇటికేదీ?" అని నన్నే అడిగాడు.

అవతల మబ్బులు పడుతున్నాయి. కాల్చిన ఇటుకైతే పగిలాక పారేయాలి. నాది కరిగినా మళ్లీ తొక్కి పోసుకోవచ్చు. రేపు పొద్దున్నే పంచె ఎగ్గట్టి వచ్చి ఆ మట్టి తొక్కమన్నాను. మోకాళ్ల నొప్పులంటున్నాడు. ఇటుకలన్నీ తొట్టిదాకా మోసినప్పుడు లేని నొప్పులు ఇప్పుడెక్కడివో, తెలిసినవాళ్లు చెప్పండి.