అట్టల్లో అతికిన జీతం చీటీలు

"అసలు మీరు ఎక్కడైనా పని చేశారా అమ్మా?"

పన్నుల కార్యాలయంలో మూడో కిటికీ గుమస్తా, దబ్బనం అని అందరూ పిలిచే ఆమెని ఈ మాట అడిగాడు. వెటకారమేమీ లేదు, అతని ముందున్న తెర మీద అలాగే ఉంది. ఆమె పదహారేళ్ళుగా ఒకే అచ్చాఫీసులో పుస్తకాలు కుడుతోంది. నెలనెలా జీతంలోంచి పన్ను కోస్తూనే ఉన్నారు. ఆమె పేరున మాత్రం చిల్లిగవ్వ జమ కాలేదు. ఎక్కువ కోశారేమో, కాస్త వెనక్కి వస్తుందేమో కనుక్కుందామని వెళ్ళిన మనిషి, ఆరేళ్ళ పన్ను వడ్డీతో సహా అరవై రోజుల్లో కట్టాలన్న నోటీసు పట్టుకుని తిరిగొచ్చింది.

కోత పడితే మన పని అయిపోయినట్టేనని జీతగాళ్ళలో చాలామంది అనుకుంటారు. ఆమె కూడా అలాగే అనుకుంది. కోసినవాడు కట్టాడో లేదో చూసుకోవాలని ఎవరూ చెప్పలేదు. గుమస్తా మంచివాడు కాబట్టి ఒక దారి చూపించాడు. యజమాని కోసినట్టు ముద్ర, సంతకం ఉన్న జీతం చీటీలు తెస్తే ఆ బాకీ ఆయన నెత్తిన పడుతుంది. చీటీలు ఉన్నాయా?

ఇంట్లో ఒక్కటీ లేదు.

దబ్బనం ఆమె అసలు పేరు కాదు. చేతిలో ఎప్పుడూ అదే, నోటికీ అదే పదును కాబట్టి బైండింగు గదిలో ఆ పిలుపు స్థిరపడింది. ఆ గదిలో పొడవాటి బల్ల ఒకటి, ఎండి పెచ్చులు కట్టిన జిగురు గిన్నెలు, రెక్క విరిగితే అట్టముక్కతో మూసిన కిటికీ, పదకొండు మంది ఆడవాళ్ళు. యజమాని పిసినారి. అట్ట మందంగా రావడానికి లోపల పొరలుగా అంటించే కాగితం కొనడు. తుక్కు పెట్టెలో ఉన్నది వాడుకోమనేవాడు. నెల మొదట్లో వచ్చే జీతం చీటీలను అందరూ చదివి, కోత చూసి నాలుగు తిట్లు తిట్టి, అదే పెట్టెలో పడేసేవాళ్ళు.

బల్లకి అవతల కూర్చుని కుట్టే ఆమె ఆడపడుచుకి ముందు వెలిగింది. "మన చీటీలన్నీ మనమే అంటించేశాం కదే వదినా."

బయటివాళ్ళ పుస్తకాల్లోకి వెళ్ళినవి పోయినట్టే. కానీ అచ్చాఫీసు లెక్కల పుస్తకాలు కుట్టిందీ దబ్బనమే. తన పుస్తకాలకు మాత్రం అట్ట ఇనుములా ఉండాలని యజమాని ఏటా పక్కన నిలబడి మరీ చెప్పేవాడు. ఆమె పెట్టె బోర్లించి, చీటీలు పక్కపక్కనే పరిచి ఎనిమిదేసి పొరలు వేసేది. ఆ పుస్తకాలు ఆయన కుర్చీ వెనక గాజు బీరువాలో ఠీవిగా నిలబడి ఉన్నాయి.

భోజనాల వేళ చూసి చీల్చుకొచ్చేద్దాం అంది ఆడపడుచు. దబ్బనం ఒప్పుకోలేదు. దొంగతనమని కాదు. ఆయన చేతులతో ఆయనే మోసుకొచ్చి ఇవ్వాలి, అదీ ఆమె కోరిక. పన్నుల కార్యాలయంలో ఫిర్యాదు రాసి ఇచ్చింది. లెక్కల పుస్తకాలతో హాజరు కమ్మని అధికారి యజమానికి కబురు పెట్టాడు.

కబురు అందిన సాయంత్రం యజమాని బల్ల దగ్గరికి వచ్చాడు. పదహారేళ్ళు 'ఏయ్' అన్న నోరు ఆ పూట మెత్తబడింది.

"చూడక్కా, నీ ఒక్కదాని పన్ను నేను కట్టేస్తాను. నోటీసు పోతుంది. మిగతావాళ్ళ మాట ఎత్తకు."

ఆమె దారం కొరికి ముడి వేసింది. "రేపు పుస్తకాలు తేవడం మర్చిపోకండి సార్. చాలా గట్టిగా కుట్టాను."

మర్నాడు ఆయన ఆ ఆరేళ్ళ ఆరు పుస్తకాలూ తెచ్చాడు. వీళ్ళంతా రోజుకూలీలు, కోత అన్నదే లేదు, కావాలంటే ప్రతి పేజీ చూసుకోండి అన్నాడు. పేజీల్లో నిజంగానే లేదు. దబ్బనం అధికారిని ఒక గిన్నెలో నీళ్ళు, ఓ పాత గుడ్డ అడిగింది. మొదటి పుస్తకం అట్ట తెరిచి లోపలి కాగితం తడిపింది. జిగురు నానేదాకా చేతులు కట్టుకుని యజమాని మొహం చూస్తూ కూర్చుంది. తర్వాత ఒక్కో పొర లేపి, పేరు, నెల, కోసిన సొమ్ము, కింద ఆయన సంతకం పైకి చదివింది. గంటలో అయ్యే పని. ఆమె మధ్యాహ్నం దాకా చేసింది.

"ఇది మా ఆడపడుచుది. ఆ నెల దానికి జ్వరం. అయినా కోశారు."

క్షమించడం గొప్ప గుణమని చెప్పేవాళ్ళకి సాధారణంగా ఎవరూ బాకీ ఉండరు. దొరికిన చీటీల మేరకు యజమాని పదకొండు మంది పన్నూ జరిమానాతో కట్టాల్సి వచ్చింది, కాగితం కోసే పెద్ద మిషను వేలానికి పోయింది. వేలం చూడటానికి దబ్బనం ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళింది. ఇలాంటి చోట మనసు కరగాలంటారు. ఆమె మిషను ఎంతకి పోయిందో కనుక్కుని, తక్కువకి పోయినందుకు సంతోషించి ఇంటికొచ్చింది.

ఇప్పుడు వేరేచోట కుడుతోంది. అక్కడివాళ్ళు అన్నాలు తింటూ ఆమెని పన్ను సందేహాలు అడుగుతారు. సాయంత్రాలు చేసే పని సంపాదన కూడా చూపించాలా? చూపించు. ఎక్కువ కోస్తే తిరిగి ఇస్తారా? అడిగితే ఇస్తారు. చీటీలు ఎన్నాళ్ళు దాచాలి? దానికి మాత్రం అడిగినవాళ్ళ చీటీలు తీసుకుని, పుస్తకంలా కుట్టి ఇస్తుంది.

ఆమెవి ఆరేళ్ళ డెబ్భై రెండు చీటీల్లో అరవై ఒకటి దొరికాయి. మిగిలిన పదకొండు నెలల పన్ను ఆమె రెండోసారి కట్టింది. ఆ లెక్కన యజమాని ఆమెకు ఇంకా తొమ్మిది వేల నాలుగు వందలు బాకీ.